తలుపు చాటు నుంచి పేర్లు

మాచర్ల,
నవంబరు.

రామాయమ్మ వదినకు సుందరి నమస్కారాలు.

మేమంతా బాగున్నాం. ఈ ఉత్తరం చూసి కంగారు పడకు, చెడు కబురేమీ లేదు. చెవులు ఇలా అయిపోయాక ఫోను నాకు గోడతో సమానం. మిషను పెట్టుకుంటే ఎదురుగా ఉన్నవాళ్ల మాట వినిపిస్తుంది గానీ ఫోనులో మోత తప్ప ఏమీ తెలియదు. పోనీ ఫోనులో రాసుకుందామంటే ఇక్కడ నా మనవరాలు చదివి, అక్కడ నీ కొడుకు ప్రవీణ్ చదివి, ఆ తర్వాత మన వంతు వస్తుంది. అందుకని పోస్టాఫీసుకు వెళ్లి కవర్లు కొనుక్కొచ్చాను. అక్కడ అమ్మాయి "ఇంకా ఉత్తరాలు రాస్తున్నారా మామ్మగారూ" అని నవ్వింది. "మేం రాయకపోతే నీ ఉద్యోగం ఏమైపోతదే" అన్నాను.

మనవరాలి ఓణీల ఫంక్షనుకి మోకాళ్ల నొప్పులని నువ్వు రాలేదు. అన్నయ్య ఒక్కడే వచ్చాడు. తెల్లపంచె, భుజాన కండువా, పందిట్లోకి వస్తుంటే మా వైపువాళ్లంతా లేచి నిలబడ్డారు. నాకెంత గొప్పగా ఉందో చెప్పలేను. చదివింపుల దగ్గర కవరిచ్చాడు. మా బావగారు మైకులో "నల్లకుంటపాడు పుల్లయ్యగారు" అని చదివారు. భోజనాలయ్యాక అన్నయ్య మళ్లీ వచ్చి ఇంకో కవరిచ్చాడు. మా బావగారు "ఇందాక ఇచ్చారుగా బావా" అంటే "నేనా? నేనిప్పుడేగా బస్సు దిగింది" అన్నాడు. పందిరంతా నవ్వింది. నేనూ నవ్వాను.

సాయంత్రం మాత్రం నాకు నవ్వు రాలేదు. గేటు దగ్గర నిలబడి "బస్టాండుకి ఎటు పోవాల్నే సుందరీ" అని అడిగాడు. నా పెళ్లయినప్పటినుంచీ వచ్చిపోతున్న దారి అది. ఎండకి అలిసిపోయాడేమోనని మా అబ్బాయిని తోడిచ్చి బస్సు ఎక్కించాను.

షుగరు ఎలా ఉంది? మాత్రలు సరిగ్గా వేసుకుంటున్నాడా? నువ్వు చూస్తున్నావని తెలుసు, అయినా అడగకుండా ఉండలేను. రెండో కవరు నా దగ్గర భద్రంగా ఉంది. ఎవరైనా వస్తే పంపుతాను.

నీ ఆడబిడ్డ,
సుందరి


నల్లకుంటపాడు, గురజాల దగ్గర,
నవంబరు.

సుందరికి వదిన దీవెనలు.

నీ ఉత్తరం చదివి తెగ నవ్వుకున్నాను. చెల్లెలి ఇంట రెండుసార్లు చదివించిన అన్న ఈ పల్నాడు మొత్తంలో ఇంకొకడుంటే చూపించు. నువ్వేమో దాన్ని కూడా జబ్బు లెక్కలో వేస్తున్నావు. వయసు మీద పడింది. పైగా ఊళ్లో సగం తగాదాలు ఆయన బుర్రలోనే ఉన్నాయి. వాటి మధ్య బస్టాండు దారి ఒకటి తప్పిపోతే పోయింది.

షుగరు సంగతి అడిగావు. మాత్రలున్నాయి. ఇంట్లో ఉన్న రోజు వేసుకుంటారు. పంచాయితీ ఉన్న రోజు వేసుకోరు, అది నీకు కొత్త కాదు. పెద్దమనిషి నలుగురి మధ్య జేబులోంచి మాత్ర తీస్తే "ఈయనకే బాగాలేదు, మన సంగతేం తేలుస్తాడు" అనుకుంటారని ఆయన పట్టుదల. పొద్దున పోయి కూర్చుంటే మధ్యాహ్నం దాకా మంచినీళ్లే. రాజీ కుదిరాక రెండు పార్టీలవాళ్లూ తెచ్చిన బెల్లం పానకం మాత్రం ఇద్దరిదీ తాగాలి. ఒకరిది తాగి ఒకరిది వదిలేస్తే అక్కడే ఇంకో తగాదా మొదలవుతుంది. మన ఊరి అలవాటు మనమెక్కడ మారుస్తాం? తీపి మానెయ్యమంటే ఇంట్లో కాఫీలో చక్కెర ఎప్పుడో మానేశాం.

నా కబుర్లంటావా, మోకాళ్లు అలాగే ఉన్నాయి. మిరప తోటలు ఈసారి బాగున్నాయి. సర్పంచి ఎన్నికలు వస్తాయంటున్నారు, ప్రవీణ్ అప్పుడే తిరగడం మొదలుపెట్టాడు. మొన్న బడి వరండాలో ఒక పొలం దారి పంచాయితీ జరిగింది. ప్రవీణే వాళ్ల నాన్నను బండి మీద తీసుకెళ్లి తీసుకొచ్చాడు. తేలిపోయింది.

ఆ రెండో కవరు నీ మనవరాలి దగ్గరే ఉంచు. ఇచ్చింది వెనక్కి తీసుకునే ఇల్లు కాదు మనది.

మీ వదిన,
రామాయమ్మ


మాచర్ల,
డిసెంబరు.

వదినకు నమస్కారం.

ఆ పొలం దారి పంచాయితీ ఎవరిదో నువ్వు రాయలేదు. నిన్న కూరగాయల బజారులో మన ఊరి హనుమంతు భార్య నాగమ్మ కనిపించి చెప్పింది. వాళ్లమ్మ ఇంటికి వచ్చిందట. నన్ను చూడగానే చేతిలో సంచి కింద పెట్టి ఏడ్చింది. "పుల్లయ్య పెదనాయన అట్టా అంటాడని కల్లో కూడా అనుకోలామ్మా. మాకు కాగితం లేదు, ఆయన మాటే మాకు కాగితం. ఆ మాటే లేదన్నాడు. ఇంకెవర్ని అడగాల మేం?"

వదినా, నాకు తెలిసినంత వరకు రాస్తాను, తప్పైతే దిద్దు. హనుమంతు వాళ్ల నాన్న ఆ చేను కొన్నప్పుడు డొంక మీంచి చేలోకి బండి పోవడానికి దారి లేదు. పక్క చేనువాళ్ల చేత దారి వదిలించింది అన్నయ్యే. ఆ పంచాయితీ మన వసారాలోనే జరిగిందని అమ్మ చెప్పేది. ఇప్పుడు ఆ పక్క చేను గోపి కొన్నాడు, దారికి అడ్డంగా ఇనప తీగ కట్టాడు. గోపి మన ప్రవీణ్ వెంట తిరుగుతున్నాడు. ఆ రోజు ఉన్న పెద్దల్లో మిగిలింది అన్నయ్య ఒక్కడే. ఆ ఒక్కడూ "అట్టాంటి దారి నేనిప్పియ్యలేదు" అన్నాడట. మిరప కాయ ఎర్రబడుతోంది. ట్రాక్టరు చేలోకి రాదు. కాలవ గట్టు మీంచి నెత్తిన మోసుకుని ఎంతని తెస్తారు?

అన్నయ్య అబద్ధం చెప్పే మనిషి కాదు. మా నాన్న మీద తీర్పు చెప్పాల్సొస్తే నాన్న మీదే చెప్పాడు, అది నువ్వు చూశావు. అబద్ధం కాకపోతే మిగిలింది ఒక్కటే. మరిచిపోయాడు.

ఇంకో సంగతి. షుగరు పరీక్షకి పోతే ఇక్కడి డాక్టరు నన్ను కోప్పడ్డాడు. షుగరు ఏళ్ల తరబడి అదుపులో లేకపోతే కళ్లూ కిడ్నీలే కాదు, మతిమరుపు జబ్బు వచ్చే అవకాశం కూడా పెరుగుతుందట. ఆ మాట వినగానే గేటు దగ్గర నిలబడ్డ అన్నయ్యే గుర్తొచ్చాడు. నీ కాళ్లు పట్టుకుంటాను, నరసరావుపేట తీసుకెళ్లి చూపించు.

ఒక్కటి సూటిగా అడుగుతున్నాను. ఆ రోజు నువ్వు ఇంట్లో ఉన్నావు. దారి ఇచ్చారా, లేదా?

సుందరి


నల్లకుంటపాడు,
డిసెంబరు.

సుందరికి,

ఉత్తరం అందింది. మీ అన్నయ్యకు మతి పోయిందని మాచర్ల బజారులో నిలబడి తేల్చేశావు. సంతోషం.

పెద్దమనిషికి మతి లేదన్న మాట గడప దాటితే ఏమవుతుందో ఆలోచించావా? ఆయన ఇన్నాళ్లూ తీర్చిన ప్రతి తగాదా మళ్లీ లేస్తుంది. గట్టు తగాదాలు, అన్నదమ్ముల వాటాలు, ఆలుమగల గొడవలు, అన్నీ. ఓడినవాడల్లా వచ్చి "ఆ రోజు కూడా మతి లేకే చెప్పాడు" అంటాడు. కొట్టుకుని చచ్చేవాళ్లని కూర్చోబెట్టి ఒక కంచంలో తినిపించిన మనిషి ఆయన. ఆ పని మొత్తం నీటిపాలు చెయ్యమంటావా? ఎన్నికల ముందు నా కొడుకు మొహం ఎక్కడ పెట్టుకోవాలి?

నువ్వు వేరే ఇంటికి వెళ్లిన పిల్లవి. పండక్కి వచ్చి పెట్టింది తిని పోతావు. ఈ గడపలో కూర్చునేది నేను.

నాగమ్మ ఏడిస్తే నీకు కన్నీళ్లొచ్చాయి. నేను ఏడుస్తున్నానో లేదో ఏ బజారులోనైనా అడిగావా?

రామాయమ్మ


మాచర్ల,
డిసెంబరు.

వదినా,

అడగలేదు. నిజమే. ఎప్పుడూ అన్నయ్య ఎలా ఉన్నాడనే అడిగాను, నువ్వెలా ఉన్నావని అడిగినట్టు గుర్తులేదు.

దారి ఇచ్చారా లేదా అన్నదానికి నువ్వు జవాబు రాయలేదు. ఇవ్వకపోతే మొదటి వాక్యంలోనే లేదని రాసేదానివి. నీ సంగతి నాకు తెలుసు. ఇక ఆ విషయం అడగను.

ఆయన్ని డాక్టరుకి మాత్రం చూపించు. ప్రవీణ్‌కి చెప్పడం ఇష్టం లేకపోతే నీ మోకాళ్ల కోసమని చెప్పు.

సుందరి


నల్లకుంటపాడు,
జనవరి.

సుందరమ్మకు వదిన దీవెనలు.

ఇన్ని రోజులు రాయలేదు. రాయడానికి కూర్చుంటే మొదట ఏది రాయాలో తెలియలేదు. నువ్వు చెప్పినట్టే మోకాళ్లని చెప్పి నరసరావుపేట తీసుకెళ్లాను.

ఎందుకు కదిలానో ముందు చెబుతాను. ఏడాదికి పైగా మీ అన్నయ్య వెనక నేను కూర్చుంటున్నాను. వసారాలోకి ఎవరైనా రాగానే తలుపు చాటు నుంచి పేరు అందిస్తాను. "పక్క బజారు వెంకటేశు, వాళ్ల తమ్ముడితో గోడ గొడవ" అని మెల్లగా అంటాను. ఆయన అందుకుని "రారా వెంకటేశూ, గోడ సంగతేనా" అంటారు. వచ్చినవాళ్లు ఈయన జ్ఞాపకానికి దండం పెట్టి పోతారు. నాకూ అది అలవాటైపోయింది. దాన్ని జబ్బు అనుకోలేదు. మంచినీళ్లు అందించినట్టు పేర్లు అందిస్తున్నాను, అంతే అనుకున్నాను. పోయిన నెల ఇద్దరు అన్నదమ్ములు వచ్చి కూర్చున్నారు. నేను పేరు అందించాను. ఆయన వెనక్కి తిరిగి గట్టిగా "ఎవరే అది, తలుపు చాటున గుసగుసలాడేది? మగోళ్లు మాట్టాడతంటే నీకేం పని?" అన్నారు. కసిరింది నన్ను కాదు. నేనెవరో తెలియక, ఎవరో పరాయి ఆడమనిషిని కసిరినట్టు కసిరారు. ఆ అన్నదమ్ములు నవ్వుకున్నారు. నేను వంటింట్లోకి పోయి గోడకి ఆనుకుని నిలబడ్డాను.

డాక్టరమ్మ పేరు నౌషీన్. చిన్నపిల్ల, ఎంతో ఓర్పు. మూడు మాటలు చెప్పి కాసేపాగి తిరిగి చెప్పమంది. గడియారం బొమ్మ వేసి ముళ్లు పెట్టమంది. ఇది ఏ నెల అని అడిగింది. మీ అన్నయ్యకు కోపం వచ్చింది. "ఏందమ్మా, నన్నే విచారణ చేస్తన్నావు? నేను చానామందిని విచారించినోణ్ని" అన్నారు. ఆ పిల్ల నవ్వి "అందుకేగా తాతయ్యా మిమ్మల్ని అడుగుతున్నా" అంది. గడియారంలో అంకెలన్నీ ఒక పక్కకే పోగుపడ్డాయి. అది చూసి ఆయన కాగితం పక్కకు తోసేశారు. నేను కిటికీలోంచి రోడ్డు మీద పోయే సున్నం లారీలు చూస్తూ కూర్చున్నాను.

రక్తం తీశారు, తలకి స్కానింగు తీశారు. మూడు నెలల షుగరు లెక్క చూసి ఆ అమ్మాయి నుదురు చిట్లించింది. ఇది మతిమరుపు జబ్బేనట. నేను సూటిగా అడిగాను, షుగరు వల్లే వచ్చిందా అని. ఆమె చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. "షుగరున్న అందరికీ ఇది రాదు, షుగరు లేనివాళ్లకీ వస్తుంది. కానీ చాలా ఏళ్లు అదుపులో లేకపోతే మెదడులో సన్నటి రక్తనాళాలు దెబ్బతింటాయి. షుగరు బాగా పడిపోయినా మెదడుకి మంచిది కాదు. ఈయనకి రెండూ జరిగినట్టున్నాయి." పంచాయితీ రోజుల సంగతి చెప్పాను. మాత్ర వేసుకోకుండా పానకం తాగిన సంగతి, ఒక్కోసారి ఇంటికొచ్చి మానేసిన మాత్రలన్నీ ఒకేసారి మింగి అన్నం తినకుండా చెమటలు పట్టి పడుకున్న సంగతి. ఆ అమ్మాయి రాసుకోవడం ఆపి నా వైపు చూసింది.

సరిగ్గా వేయించి ఉంటే ఇది వచ్చేది కాదా అని అడిగాను. "చెప్పలేం అమ్మమ్మా. రాకపోయేదేమో, ఇంకొన్నేళ్లు ఆలస్యంగా వచ్చేదేమో. ఇప్పటినుంచి అదుపులో పెడితే ఉన్నది కొంతకాలం నిలబడొచ్చు" అంది. అవును అంటే ఏడ్చి ఊరుకునేదాన్ని. కాదు అంటే దేవుణ్ని తిట్టుకునేదాన్ని. ఆ చెప్పలేం అన్న మాట నన్ను తినేస్తోంది సుందరీ. కాఫీలో చక్కెర తీసేసి చాలా చేశాననుకున్నాను. ఆయన గౌరవం చూశాను గానీ ఆయన్ని చూడలేదు.

నువ్వు అడగనన్నావు గానీ నేనే చెబుతున్నాను. దారి ఇచ్చారు. మన వసారాలోనే. అందరికీ మజ్జిగ ఇచ్చింది నేనే. ఎడ్లబండి ఇబ్బంది లేకుండా మలుపు తిరగాలి, ఆ మాత్రం వెడల్పు వదలండి అని ఆయనే చెప్పి, చేలోకి పోయి తాడు పట్టించి వచ్చారు. నేను మర్చిపోలేదు. ఈసారి బడి వరండాలో పెట్టారు, అక్కడ తలుపు లేదు, చాటు లేదు. ప్రవీణ్ "అట్టాంటి దారేం లేదు కదా నాన్నా" అని అడిగాడట. ఆయన లేదన్నారు. కొడుకు కావాలనే అలా అడిగాడా, తెలియక అడిగాడా అని నేను అడగలేదు. అడిగితే వాడేం చెబుతాడోనని భయం.

చెప్పాలని ఉంది. చెబితే ఆయన్ని నలుగురిలో పనికిరానివాణ్ని చేసేది నేనే అవుతాను.

వదిన


మాచర్ల,
ఫిబ్రవరి.

వదినకు నమస్కారం.

నీ ఉత్తరం చదివి రెండు రోజులు మిషను చెవికి పెట్టుకోకుండా తిరిగాను, అది నాకున్న ఒక సుఖం.

నువ్వొక్కదానివే నెత్తిన వేసుకోకు. అన్నయ్య వచ్చినప్పుడల్లా సున్నుండలు చేసి పెట్టింది ఎవరు? "నాకు వద్దే, షుగరు" అంటే "చెల్లెలి చేతివి ఒక్కటి తింటే ఏమీ కాదులే" అని నోట్లో పెట్టింది ఎవరు? పోయేటప్పుడు డబ్బాకెత్తి ఇచ్చింది ఎవరు? వద్దన్న మనిషి నా కోసం తిన్నాడు. అది ప్రేమనుకున్నాం ఇద్దరం. ఇప్పుడు ఆ డబ్బా అలమరలో కనపడితే చెయ్యి పెట్టాలనిపించడం లేదు. అమ్మకీ షుగరుండేది. ఆ రోజుల్లో మనకేం తెలుసు? తెలిసిన రోజుల్లో కూడా మనం చేసిందేంటి?

నాగమ్మ మళ్లీ కనిపించింది. శివరాత్రి తిరనాళ్ల అయ్యాక చేను గోపికే ఇచ్చేస్తారట. దారి లేని చేను ఇంకెవరు కొంటారు? కూలీలు గట్టు మీంచి మోయమంటే రావడం లేదట. కాయ చెట్టు మీదే ఎండుతోంది. చేను పోతే ఇద్దరూ పిడుగురాళ్ల పోయి సున్నం బట్టీల్లో పని చూసుకుంటామంది. హనుమంతుకి అసలే ఆయాసం, ఆ బట్టీల దుమ్ములో ఏమవుతాడోనని దాని దిగులు. "పెదనాయన మీద మాకేం కోపం లేదమ్మా" అంది. కోపం ఉందని చెప్పినా బాగుండేది.

నిన్ను చెప్పమనే హక్కు నాకు లేదు. నువ్వు చెప్పకపోతే నిన్ను తప్పు పట్టను, ఇది ఒట్టేసి రాస్తున్నాను. రమ్మంటే బస్సెక్కి వస్తాను. పక్కన నిలబడటం తప్ప నావల్ల అయ్యేది ఏమీ లేదు, నేను కళ్లతో చూడలేదు కదా.

నువ్వెలా ఉన్నావు? ఈసారి అడుగుతున్నాను.

సుందరి


నల్లకుంటపాడు,
మార్చి.

సుందరికి వదిన దీవెనలు.

నేనెలా ఉన్నానో ఈ ఉత్తరమంతా చదివాక నువ్వే చెప్పు.

శివరాత్రి తిరనాళ్లకు కోటప్పకొండ పోయిన ప్రభల బళ్లు తిరిగొచ్చిన వారంలో, చేను అమ్మకం మాట ఖాయం చేసుకుందామని బడి వరండాలో కూర్చున్నారు. పెద్దమనిషిగా మీ అన్నయ్యనే పిలిచారు. ప్రవీణ్ బండి మీద తీసుకెళ్లాడు. నేను పొయ్యి మీద అన్నం దించి, చీర మార్చుకుని, మోకాళ్లు పట్టుకుంటూ నడిచి వెళ్లాను. నిన్ను పిలవలేదు. పిలిస్తే నువ్వొచ్చేదాకా ఆగుతాను, ఆగితే చెప్పను అని నాకు తెలుసు.

నన్ను చూసి అందరూ ఆశ్చర్యపోయారు. మన ఇంటి ఆడవాళ్లు ఎప్పుడు పోయారు అక్కడికి? మీ అన్నయ్య కుర్చీలో నిటారుగా కూర్చుని ఉన్నారు. హనుమంతు నేల మీద కూర్చుని ఉన్నాడు. నేను నిలబడే చెప్పాను. "ఆ చేనుకి దారుంది. మా వసారాలో ఇచ్చారు. ఆ రోజు మజ్జిగ పోసింది నేనే. మా ఆయనకి జబ్బు చేసింది, గుర్తు లేక లేదన్నారు."

గోపి లేచాడు. "ఇన్నాళ్లూ లేని జబ్బు ఇయ్యాలే వచ్చిందా పెద్దమ్మా? పెదనాయన మతి పోయిందని నువ్వంటే సరిపోద్దా? ఆయన నీకంటే బాగున్నాడు చూడు" అన్నాడు. నలుగురైదుగురు అవునన్నారు. నిజంగానే ఆయన బాగున్నారు. ఆ కండువా, ఆ కూర్చునే తీరు చూస్తే నేనే నమ్మేదాన్ని. ప్రవీణ్ నా చెయ్యి పట్టుకుని "అమ్మా, ఇంటికి పా" అన్నాడు.

నీకు రాయని సంగతి ఒకటుంది. ఈమధ్య పొద్దున్నే లేచి మీ అమ్మగారి గురించి అడుగుతున్నారు. ఆమె పోయిన నాడు ఊరు ఊరంతా మన వాకిట్లోనే ఉంది. పెద్ద దినం నాడు ఆ వరండాలో కూర్చున్న ప్రతివాడూ మన ఇంట భోంచేశాడు. అందుకే ఇంకే ప్రశ్నా వద్దనుకున్నాను. ఆయనకి ఎదురుగా పోయి నిలబడ్డాను.

"ఏమండీ, అత్తయ్యగారు ఎక్కడున్నారు?" అన్నాను.

ఆయన నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశారు. "ఎక్కడుంటది? ఇంట్లోనే. కాళ్ల నొప్పులని పడుకోనుంది. సుందరి మాచర్ల నుంచి వస్తేగానీ అన్నం తిననని కూర్చుంది" అన్నారు.

గోపి తల దించుకున్నాడు. ప్రవీణ్ నా చెయ్యి వదిలేసి వరండా చివరికి పోయి స్తంభం పట్టుకుని నిలబడ్డాడు. వాడి భుజాలు కదులుతున్నాయి. అంతమందిలో మీ అన్నయ్యని అలా నిలబెట్టింది నేను సుందరీ. ఆయన మీద ఈగ వాలనివ్వకుండా ఇన్నేళ్లు కాపాడుకుని, చివరికి నా నోటితోనే ఆ ప్రశ్న అడిగాను. హనుమంతు లేచి వచ్చి నా కాళ్ల దగ్గర కూర్చుని "వద్దు పెద్దమ్మా, ఇంక చాలు, నాకు దారీ వద్దు ఏం వద్దు" అన్నాడు. అప్పుడు ఏడ్చాను.

దారి వదలమని అక్కడున్న పెద్దలు చెప్పారు. మర్నాడు గోపి మనుషులే తీగ విప్పారు. ట్రాక్టరు లోపలికి పోయింది. చేను అమ్మడం ఆగిపోయింది. కానీ కాయ సగానికి పైగా చెట్టు మీదే రంగు పోయి తాలుగా మారింది. నేను డిసెంబరులో చెప్పి ఉంటే ఆ కాయ ఎర్రగా ఇంటికి వచ్చేది. ఇది మాత్రం "చెప్పలేం" కాదు, కచ్చితంగా నావల్లే. నాగమ్మ మన గుమ్మం ముందు నుంచి పోతూ పలకరిస్తుంది. నేను దాని మొహంలోకి చూడలేకపోతున్నాను.

నేను భయపడ్డదే జరుగుతోంది. పాత గట్టు తగాదాలు రెండు మళ్లీ లేచాయి. మీ అన్నయ్య రోజూ స్నానం చేసి, కండువా వేసుకుని వసారాలో కూర్చుంటారు. ఎవరూ రావడం లేదు. ప్రవీణ్ రెండు వారాలు నాతో మాట్లాడలేదు. మొన్నటి నుంచి మాత్రం పొద్దున్నే వాడే మాత్రలు తెచ్చి వాళ్ల నాన్న పక్కన కూర్చుని వేయిస్తున్నాడు. నాతో ఇంకా మాటల్లేవు. ఎన్నికల్లో నిలబడతాడో లేదో తెలియదు, నేను అడగలేదు.

నీకూ షుగరుంది. పెళ్లిలో ఉన్నా, బస్సులో ఉన్నా, ఎంతమందిలో ఉన్నా వేళకి మాత్ర తీసి వేసుకో. ఎవరేమనుకుంటారోనని మేం చూశాం, నువ్వు చూడకు. నీ మనవరాలికి కూడా ఈ మాట చెప్పు.

ఆ రోజు ఇంటికొస్తూ జరిగింది ఒకటుంది, అది రాసి ఆపుతాను. ప్రవీణ్ బండి దగ్గరే ఉండిపోయాడు, అందుకని మేమిద్దరం నడిచే వచ్చాం. ఆయన చెయ్యి నేను పట్టుకున్నాను. బజారులో అలా పట్టుకుని నడవడం నాకదే మొదలు. కొంచెం దూరం వచ్చాక "ఏమే, ఆ పిల్లోడికి దారి ఇచ్చారా?" అన్నారు.

"ఇచ్చారండీ."

"మంచి పని చేశారు. ఎవరు చెప్పారు తీర్పు?"

నాలుగడుగులు వేశాక "మీరే చెప్పారండీ" అన్నాను.

ఆయన ఆగిపోయారు. నా వైపు తిరిగి, భయపడ్డ పిల్లాడిలాగా నా మొహంలోకి చూశారు. "మరి నాకు గుర్తు లేదేందే?" అన్నారు.

ఇన్ని నెలల్లో ఆ మాట ఆయన నోటి నుంచి రావడం అదే మొదటిసారి.

"నాకు గుర్తుంది, పదండి" అన్నాను.

మీ వదిన,
రామాయమ్మ